ఎండలో ఆగిపోవు మోటారు సైకిలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. రోళ్లు పగులుట మేమెన్నడును చూడలేదు గాని, ఆ కార్తెలో మిట్టమధ్యాహ్నమువేళ రోడ్డు ప్రక్కన మోటారు సైకిలు నిలిపి, చొక్కా చెమటతో తడిసి, కిక్కు మీద కిక్కు కొట్టుచున్న మనుష్యులను మాత్రము ఏటేటా చూచుచునే యున్నాము. ఒక యేడు ఆ మనిషి మేమే. ఆ సంగతి మొదట చెప్పి, పిదప కారణములలోనికి పోయెదము.

అది 2015 మే నెల. ఆ నెలలో వీచిన వడగాలులకు మన రెండు రాష్ట్రములలోను వేయికి మించి ప్రాణములు పోయినవని శ్రోతలకు జ్ఞాపకముండును. మా మేనత్తగారి గ్రామము రెంటచింతలకు అవతల. ఆమెకు ఇన్సులిను అయిపోయినదని కబురు వచ్చినది. నరసరావుపేటలో మందుల దుకాణము తెరచుసరికే తొమ్మిదిన్నర దాటినది. మందును మంచుముక్కలు వేసిన ఫ్లాస్కులో భద్రపరచుకొని, మా బావమరదిని వెనుక కూర్చుండబెట్టుకొని, మా తండ్రిగారి నాటి పాత మోటారు సైకిలుపై బయలుదేరితిమి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటి గురజాల చేరుసరికి పండ్రెండు కావచ్చినది. అక్కడి బంకులో ట్యాంకు అంచు వరకు పెట్రోలు పోయించి, బండిని ఎండలోనే వదలి, అరగంటసేపు భోజనమునకు కూర్చుంటిమి. తిరిగివచ్చి చూడగా కార్బురేటరు క్రింద నేల తడిసి యున్నది. ఏడెనిమిది కిక్కులకు నల్లని పొగ విడిచి ఇంజను లేచినది. ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు పోవుసరికి రెండుసార్లు కుదిపి, ఎవరో గొంతు నొక్కినట్లు ఆగిపోయినది.

అయిదు నిమిషములు ఊరకుండి కిక్కు కొట్టగా మరల లేచినది. ఒక కిలోమీటరు నడచి మరల ఆగినది. ఇట్లు మూడుసార్లు జరిగినది. మూడవసారి మేము ఓర్పు కోల్పోయి చోకు లాగితిమి, ప్లగ్గు విప్పితిమి, తుడిచి బిగించితిమి. “తోసి స్టార్టు చేద్దాం బావా” అని మా బావమరది ఆ మండుటెండలో బండిని నూరు గజములు తోసినాడు. తోసి, కండ్లు తిరుగుచున్నవని రోడ్డు మీదనే కూలబడినాడు. అతనిని వేపచెట్టు నీడకు చేర్చి, తలపై నీరు చల్లి, కొంచెము కొంచెముగా నీరు త్రాగించుచుండగా, పంపుసెట్లు బాగుచేయు పెద్దమనిషి యొకడు మోపెడుపై పోవుచు మమ్ము చూచి ఆగినాడు. ఇంజను వంకనైనను చూడక, నేరుగా ట్యాంకు మూత విప్పినాడు. సుయ్‌మని గాలి లోపలికి దూరిన చప్పుడు మాకును వినబడినది.

“ట్యాంకుకు ఊపిరాడటం లేదు సార్. బండి తప్పేం లేదు” అన్నాడతడు. రెండవ కిక్కుకు ఇంజను లేచినది.

మూతలో సన్నని రంధ్ర మొకటి యుండును. పెట్రోలు క్రిందికి దిగినకొలది దాని చోటు నింపుటకు బయటి గాలి ఆ రంధ్రముగుండా లోపలికి రావలెను. అతడు సన్నని తీగతో పొడిచి చూపగా ఆ రంధ్రము నుండి తెల్లని ముద్ద వెలువడినది. ఉగాదికి బండి మెరయవలెనని మా చేతులతో మేమే రుద్దిన పాలిషు అది! దానికి తోడు మూతకు కొత్త రబ్బరు వాషరు కూడ వేసియుంటిమి. ఏ సందునను గాలి చొరకుండ చక్కగా బిగిసినది.

ఎండలో బండి ఆగినంతనే ‘వేపర్ లాక్’ అనుట అందరికిని అలవాటు. మేమును ఆనాడు అట్లే అంటిమి. ఆ మాట అబద్ధము కాదు గాని, దాని పేర చెల్లుబాటగుచున్న దోషములు కనీసము మూడు నాలుగు కలవు. వానిని విడదీసి తెలిసికొననిచో ఒకదానికి చేయవలసిన వైద్యము మరియొకదానికి చేసి, రోగిని మరింత చెడగొట్టుదుము.

మొదట పెట్రోలు స్వభావమును గూర్చి చెప్పవలెను. నీరు ఒకే పదార్థము. నూరు డిగ్రీలకు మరగును. పెట్రోలు అట్టిది కాదు. అది అనేక ద్రవముల మిశ్రమము. అందు మిక్కిలి తేలికయైనవి ముప్పదియైదు డిగ్రీల ప్రాంతముననే మరగజొచ్చును. బరువైనవి రెండువందల డిగ్రీల దాక కదలవు. మరి ఎండ నలువదియైదు డిగ్రీలున్నపుడు ట్యాంకులోని పెట్రోలు ఏల పొంగిపోదు? తేలిక భాగములు బరువు భాగములతో కలిసియున్నందున వాని దూకుడు కొంత అణగియుండును. మన దేశపు ప్రమాణముల ప్రకారము ముప్పదియెనిమిది డిగ్రీల వేడి వద్ద పెట్రోలు ఆవిరి పీడనము 60 కిలోపాస్కలులకు మించరాదని పెట్టిరి. మనపై నుండు గాలి పీడనము సుమారు 101. ఆవిరి పీడనము గాలి పీడనమును అందుకొన్ననాడు గదా ద్రవము మరగుట! వేడి హెచ్చినకొలది ఈ 60 పెరిగి పెరిగి, ఏబదియైదు, అరువది డిగ్రీల ప్రాంతమున గాలి పీడనమును అందుకొనును. నల్లరంగు ట్యాంకు మధ్యాహ్నపుటెండలో ఎంత వేడెక్కునో చేయి పెట్టినవారికి తెలియును. ఇక ఇంజను ప్రక్కన నున్న కార్బురేటరుకు అరువది డిగ్రీలు చేరుట ఎంతపని?

పెట్రోలు తయారుచేయువారికి ఈ సంగతి తెలియకపోలేదు. ప్రమాణములలో ‘వేపర్ లాక్ సూచి’ అను అంకె యొకటి కలదు. ఆవిరి పీడనమును పదితో హెచ్చించి, డెబ్బది డిగ్రీలలోపల ఆవిరియగు భాగపు శాతమును ఏడుతో హెచ్చించి, రెంటిని కూడగా వచ్చునది ఆ అంకె. భారత్ స్టేజి నాలుగు ప్రమాణములలో అది మే మొదలు జూలై వరకు 750కి, తక్కిన నెలలలో 950కి మించరాదని నియమించిరి. అంకె తగ్గినకొలది పెట్రోలు ఎండకు నిలకడగా నుండును. ఇచ్చట మాకొక చిన్న ఫిర్యాదు కలదు. రామగుండములోను, విజయవాడలోను ఏప్రిలు నెలకే ఎండలు ముదిరియుండును. మన వేసవి పంచాంగము మే ఒకటవ తేదీ కొరకు వేచియుండదు.

ఇప్పుడు పెట్రోలు పోవు మార్గమును చూతము. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు బుల్లెట్లు, 1961లో మైసూరులో జావాలు తయారగుట ఆరంభమైన నాటి నుండి ఇటీవలి దాక మన దేశపు మోటారు సైకిళ్లలో అధిక భాగమునకు ఏర్పాటొక్కటే. ట్యాంకు పైన, కార్బురేటరు క్రింద. నడుమ ఒక ట్యాపు, జానెడు పైపు. పంపు లేదు. పెట్రోలు తన బరువుతో తానే దిగును. కార్బురేటరు అడుగున చిన్న గిన్నె, అందులో తేలుచుండు ఫ్లోటు. గిన్నె నిండగనే ఫ్లోటు పైకి లేచి సూది వంటి దానితో దారి మూయును, తగ్గగనే తెరచును. గిన్నెలో మునిగియున్న జెట్టుగుండా పెట్రోలు పైకి పీల్చబడి గాలితో కలిసి ఇంజనులోనికి పోవును.

అసలైన వేపర్ లాక్ అనగా ఆ జానెడు పైపులో ఆవిరిబుడగలు చేరి దారి కట్టివేయుట. పాతకాలపు కార్లలో ఇది మిక్కిలి సామాన్యము. అచ్చట పంపు వెనుకనున్న ట్యాంకు నుండి పెట్రోలును పీల్చవలెను. పీల్చుటచే పైపులో పీడనము తగ్గి, మరగుట మరింత సులభమగును. మోటారు సైకిలులో బుడగ పుట్టినను, పైపు ఎడతెగక వాలుగా నున్నచో అది తిన్నగా పైకెక్కి ట్యాంకులోనికి పోవును. చిక్కంతయు పైపు వాలు చెడినపుడే. ఫిల్టరు అమర్చుటకని పైపును పొడవు చేసి, ఒక మెలిక పైకి లేపి సిలిండరు తలను ఒరసికొనునట్లు పెట్టిన బండ్లు మేమెన్నియో చూచినాము. ఆ మెలిక మూపున బుడగ చేరి కూర్చుండును. దానిని త్రోయుటకు పెట్రోలుకున్న బలమెంత? పది సెంటీమీటర్ల ఎత్తు పెట్రోలు కలిగించు ఒత్తిడి గాలి పీడనములో నూరవ వంతు కూడ లేదు. కనుక పైపును కావలసినంత పొడవుకు మాత్రమే కోసి, ట్యాపు నుండి కార్బురేటరు వరకు ఎచ్చటను పైకి లేవకుండ, వేడి లోహమును తాకకుండ అమర్చిన చాలును. ఖర్చు లేని మరమ్మతు ఇది.

రెండవది, మా అనుభవములో అన్నిటికంటె సామాన్యమైనది, బండి ఆపిన పిదప వచ్చు బాధ. నడచుచున్నంతసేపు ఎదురుగాలి ఇంజనును, కార్బురేటరును కూడ చల్లార్చుచుండును. లోనికి పోవు చల్లని పెట్రోలును కొంత వేడిని తీసికొని పోవును. ఆపినంతనే ఈ రెండును నిలిచిపోవును. ఇంజనులోని వేడి మాత్రము ఎచ్చటికి పోవును? మెల్లగా కార్బురేటరులోనికి ప్రాకును. పది నిమిషములకు గిన్నెలోని పెట్రోలు మరగి, జెట్టుగుండా పొంగి ఇంజను ముఖద్వారమున చేరును. అప్పుడు కిక్కు కొట్టినచో లోపల నున్నది గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. మనుష్యులు స్టార్టు కాలేదని చోకు లాగుదురు. చోకు చేయునది ఇంకను పెట్రోలు హెచ్చించుటయే! ఆకలి లేనివానికి అన్నము కూరుట వంటిది. వేడి ఇంజనుకు చోకు ముట్టరాదు. యాక్సిలరేటరును పూర్తిగా త్రిప్పి పట్టుకొని, మెల్లగా నాలుగైదు కిక్కులు కొట్టినచో అధికముగా చేరిన పెట్రోలు గాలితో బయటికి పోయి, ఇంజను లేచును. లేవగనే యాక్సిలరేటరు వదలవలెను. దీర్ఘముగా ఆపవలసి వచ్చినపుడు, ఆగుటకు ముందే ట్యాపు మూసివేయుట మంచి అలవాటు. ఆనాడు గురజాలలో మేమది చేయలేదు.

కార్బురేటరుకును సిలిండరుకును నడుమ వేడి దాటకుండ ఒక దళసరి నల్లని బిళ్ల యుండును. మెకానిక్కులు దానిని ఇన్సులేటరు అందురు. మరమ్మతు చేయునపుడు అది విరిగినదని పారవేసి, లోహపు ముక్కనో పలుచని అట్టనో పెట్టి బిగించుట కలదు. చలికాలమున ఏమియు తెలియదు. వేసవిలో ఆ బిళ్ల విలువ తెలియును. అడిగి మరల వేయించుకొనవలెను.

ట్యాంకు మూత సంగతికి మరల వత్తము. మూసుకొనిన రంధ్రము ఎండలో రెండు విధముల బాధించును. ఆపి యుంచినపుడు ఆవిరి, గాలి రెండును పెరిగి ట్యాంకులో ఒత్తిడి హెచ్చును. ఆ ఒత్తిడికి ఫ్లోటు సూది ఆగలేక గిన్నె పొంగును. గురజాలలో నేల తడిసినదియు, నల్లని పొగయు అందువలననే. నడుపునపుడు దీనికి విపరీతము. పెట్రోలు తగ్గును, గాలి రాదు. పైన వెలితి యేర్పడి ధార సన్నగిల్లును. ఆ వెలితిచేత పైపులోని పెట్రోలు తక్కువ వేడికే మరగును కూడ. ట్యాంకు అంచు వరకు నిండియున్నచో పైన గాలిచోటు బొత్తిగా నుండదు గనుక ఈ వెలితి మరింత శీఘ్రముగా నేర్పడును. బండి ఆగి, అయిదు నిమిషములకు తానే లేచి, మరల కొంత దూరమునకే ఆగుచున్నచో మొదట మూతను అనుమానింపవలెను. గాలి లోనికి పీల్చుకొనిన చప్పుడైనచో సందేహమే లేదు. బయటికి బుస్సుమన్నచో అది వేడిమి ఒత్తిడి.

అయితే మూత విప్పుటలో జాగ్రత్త కావలెను. ఎండలో నిలిచిన ట్యాంకు మూతను ఒక్కసారి విప్పరాదు; కొంచెము వదులు చేసి, చప్పుడు తగ్గిన తరువాత తీయవలెను. ముఖము మీదికి వంగరాదు. పెట్రోలు ఆవిరి సున్నకు దిగువ నలువది డిగ్రీల చలిలోనే నిప్పు నందుకొనగలది. మన వేసవి మాట చెప్పనేల? ఆ ఆవిరి గాలికంటె బరువైనది. నేల వెంబడి ప్రాకి దూరమున నున్న బీడీ నిప్పును చేరగలదు. ట్యాంకులో ఎంత యున్నదో చూచుటకు అగ్గిపుల్ల గీచినవాని కథ ప్రతి ఊరిలోను వినవచ్చును. నవ్వుచు చెప్పుదురు గాని, అది నవ్వుకొను కథ కాదు. పెట్రోలు ఒలికియున్నచోట ప్లగ్గు తీసి నిప్పురవ్వ పరీక్షించుట కూడ ఇట్టిదే. మేము ఆనాడు ఆ తప్పును దాదాపు చేసియుంటిమి.

బంకులో అంచు వరకు పోయించుట వలన మరియొక నష్టము కలదు. భూగర్భపు తొట్టిలో పెట్రోలు చల్లగా నుండును. మీ ట్యాంకులోనికి వచ్చి ఇరువది డిగ్రీలు వేడెక్కినచో పండ్రెండు లీటర్లు రెండువందల ముప్పది మిల్లీలీటర్ల వరకు పొంగును. అనగా దాదాపు ఒక పెద్ద గ్లాసెడు. చోటు లేనిచో అది మూత అంచున కారి వేడి ఇంజనుపై పడును. మెడ క్రింద రెండు వ్రేళ్ల చోటు వదలుడు.

ఇక ఇథనాలు. మన పెట్రోలులో పదియవ వంతు ఇథనాలు కలుపు లక్ష్యము 2022లో నెరవేరినది; అయిదవ వంతు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతటను వ్యాపించినది. చెరకు నుండి, ధాన్యము నుండి వచ్చు ఈ సారము తానొక్కటియే యైనచో డెబ్బదియెనిమిది డిగ్రీలకు మరగును. ఆవిరియగుటలో పెట్రోలుకంటె మందము. కాని వింత యేమనగా, కొద్దిపాళ్లలో పెట్రోలులో కలిసినపుడు రెంటి ఆవిరి పీడనము పెరుగును. డెబ్బది డిగ్రీలలోపల ఆవిరియగు భాగమును పెరుగును. కనుక ఎండలో బుడగ పుట్టుట కొంత సులభమైనది. అంతేగాక పాత కార్బురేటరు జెట్లు శుద్ధ పెట్రోలుకు కొలిచి పెట్టినవి. ఇథనాలుకు గాలి తక్కువ చాలును గనుక, అవే జెట్లతో మిశ్రమము పలుచబడును. పలుచని మిశ్రమముతో ఇంజను పని మందగించి, సులభముగా వేడెక్కును. పాత రబ్బరు పైపులు, ఫ్లోటు సూది చివరి రబ్బరు, బెండు వాషర్లు దీనికి ఉబ్బి మెత్తబడుట కలదు. ఇథనాలును తట్టుకొను పైపు నేడు దొరకుచున్నది. వేసవికి ముందే మార్చుకొనవలెను. ఇథనాలు తేమను పీల్చును. మచిలీపట్టణము, విశాఖపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో నెలల తరబడి కదలని బండి ట్యాంకు అడుగున నీరు, సారము కలిసి వేరుపడి చేరును. సెలవులకు పిల్లలు వచ్చి తీయు బండి అయినచో, కార్బురేటరు గిన్నె మర విప్పి పాత పెట్రోలు వదలిన తరువాతనే కిక్కు కొట్టుట మంచిది.

2020 ఏప్రిలు నుండి భారత్ స్టేజి ఆరు నియమములు వచ్చి, కొత్త మోటారు సైకిళ్లలో అత్యధిక భాగమునకు కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చినది. వీనిలో ట్యాంకు లోపలనే విద్యుత్తు పంపు యుండి, గాలి పీడనమునకు రెండు మూడు రెట్లు ఒత్తిడితో పెట్రోలును త్రోయును. ఒత్తిడిలో నున్న ద్రవము సులభముగా మరగదు గనుక వేపర్ లాక్ బాధ చాలవరకు తీరినది. కాని ఆ పంపును చల్లార్చునది దాని చుట్టును పారు పెట్రోలే. వేసవిలో ట్యాంకు అడుగంటు వరకు నడుపుట పంపుకు చేటు. అంచు వరకు పోయించుటయు తగదు. ట్యాంకు ఆవిరులను పట్టియుంచు బొగ్గు డబ్బా యొకటి వీనికి కలదు, అందులోనికి ద్రవమే పోయినచో అది చెడును. ఇంతకుమించి వీనిలో మన చేతికి అందు మరమ్మతు లేదు. అది మంచిదో చెడ్డదో మేము చెప్పజాలము. పాత బండివారము గనుక మా మాట పక్షపాతముగా తోచును.

దారిలో బండి ఆగినచో ఏమి చేయవలెను? మొదట నీడ. తరువాత ఇంజను. చుట్టును పెట్రోలు ఒలికియున్నదేమో చూచి, మూతను మెల్లగా వదులు చేసి బిగించుడు. పైపు మెలికలు చూడుడు. తడిగుడ్డను కార్బురేటరు గిన్నెకును పైపుకును చుట్టి పది నిమిషములు ఆగినచో ఆవిరి అణగును. ఎర్రగా కాలియున్న సిలిండరుపై మాత్రము నీరు గుమ్మరింపరాదు. ఇంత చేసినను లేవనిచో దోషము పెట్రోలు మార్గమున కాక, వేడికి మొరాయించు ఇగ్నిషను కాయిలులో నుండవచ్చును. చల్లారినంతనే చక్కబడుటచేత అదియు వేపర్ లాకు వేషము వేయును. దాని వైద్యము మెకానిక్కు చేతిలోనిది. ఎట్లయినను మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు వరకు బండిని తోయరాదు. నూరు గజములకే మా బావమరది పాతికేండ్ల దేహము లొంగినది.

అతడు తేరుకొనుటకు గంటకు పైగా పట్టినది. పంపుసెట్ల పెద్దమనిషి అంతసేపును మాతోనే కూర్చుండి, డబ్బు ఇయ్యబోగా తీసికొనక, తీగముక్కను మాత్రము మా చేతిలో పెట్టి పోయినాడు. మూడు గంటల తరువాత మెల్లగా కదలి, నాలుగింటికి మేనత్తగారి ఇల్లు చేరితిమి. ఫ్లాస్కులో మంచు కరిగి నీరైనది గాని, ఆ నీరింకను చల్లగానే యున్నది.